వరద పుట్టినచోటు వెదకిన ఇంజనీరు: విశ్వేశ్వరయ్యగారి జీవితము

ఏటేట సెప్టెంబరు 15వ తేదీన దేశమంతట ఇంజనీర్ల దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు హైదరాబాదు ఖైరతాబాదులోని విశ్వేశ్వరయ్య విగ్రహమునకు పూలమాలలు పడును. ఆయన పేరిటి భవనములో ఉపన్యాసములు సాగును. ఆ తలపాగను, ఆ కోటును గుర్తింపని తెలుగువారు అరుదు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములోను, అశోకనగరము శిక్షణాలయములలోను ప్రభుత్వోద్యోగ పరీక్షలకు తయారగుచున్న యువతీయువకులకు ఆయన పేరు మఱింత పరిచితము. ఆయన పుట్టిన తేది, దివానుగిరి చేసిన సంవత్సరములు, భారతరత్న బిరుదము పొందిన సంవత్సరము, కట్టించిన ఆనకట్ట పేరు, ఇవన్నియు వారికి కంఠస్థములు. వారిలో పెక్కుమంది ఇంజనీరింగు పట్టభద్రులే. రేపో మాపో నీటిపారుదల శాఖలోనో, పురపాలక శాఖలోనో సహాయ ఇంజనీర్లుగ చేరవలసినవారే. కాని ఒక కట్టడమునకు రూపము కల్పించునప్పుడు ఆయన ఏ ఆలోచనతో మొదలుపెట్టెడివారో, ఆ సంగతి పరీక్షాపత్రములో ప్రశ్నగా వచ్చునది కాదు. కావున దానిని చదువువారును తక్కువ.

ఆ గ్రంథాలయమునకు కొద్ది దూరముననే హుస్సేన్‌సాగరు మత్తడి నీరు పోవు నాలా కలదు. దోమలగూడ, అశోకనగరము, చిక్కడపల్లి, నారాయణగూడ, నల్లకుంట ప్రాంతములను ఒరసికొని పోయి అది గోల్నాక దిక్కున మూసీలో కలియును. వానకాలమున ఆ నాలా ఒడ్డున కాపురమున్నవారిని పలుకరించినచో, విశ్వేశ్వరయ్యగారి జీవితము పూలమాలలకును, పరీక్షలకును గాక మఱొక పనికి అవసరమని తెలియగలదు. ఆ దృష్టితోనే ఇచ్చట దానిని చెప్పుచున్నాము.

విశ్వేశ్వరయ్యగారు మైసూరు రాజ్యమువారైనను వారి మూలము తెలుగుసీమలోనిదే. గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము వారి పూర్వుల గ్రామము. అచ్చటినుండి వలసపోయిన కుటుంబమునకు ఊరిపేరే ఇంటిపేరై నిలిచినది. 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్లాపురమునకు సమీపమునగల ముద్దేనహళ్లిలో వారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. బాల్యములోనే తండ్రి గతించుటచే చదువు కష్టముతో సాగినది. బెంగుళూరిలో మేనమామ ప్రాపున నుండి, పిల్లలకు పాఠములు చెప్పి ఖర్చులు గడపుకొనుచు, 1881లో సెంట్రల్ కళాశాలనుండి బి.ఏ. పట్టము పొందిరి. పిమ్మట మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో పూనా విజ్ఞాన కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథములుగ ఉత్తీర్ణులై, 1884లో బొంబాయి రాజధాని ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగ చేరిరి. నేడు అశోకనగరములో ఏ కొలువు కొఱకు యువకులు రాత్రింబవళ్లు పుస్తకములు ముందు వేసికొని కూర్చుండుచున్నారో, ఆయన మొదటి మెట్టును అదియే.

ఆయన పని తీరు బయటపడిన మొదటి సందర్భము సింధుదేశములోనిది. 1894 ప్రాంతమున సుక్కూరు పట్టణమునకు మంచినీటి ఏర్పాటు చేయవలసిన భారము ఆయనపై పడినది. సింధునది నీరు బురదనీరు. వడపోత కట్టడములు నిర్మించుటకు పురపాలక సంఘము వద్ద ధనము లేదు. ధనము వచ్చువఱకు పని ఆపుటయో, బురదనీటినే గొట్టములలోనికి ఎక్కించుటయో సామాన్యముగ ఇట్టిచోట జరుగును. విశ్వేశ్వరయ్యగారు ఏటియొడ్డున బావి త్రవ్వించి, ఏటి ఇసుకలోనుండి వడిసి ఊరివచ్చిన నీటిని పైకి తోడించి పట్టణమునకు ఇచ్చిరి. వేసవిలో వాగు ఇసుకను చేతులతో తోడి, చెలమలో ఊరిన తేటనీటిని ముంచుకొను మన పల్లెపడుచులకు ఈ సూత్రము క్రొత్తది కాదు. పుస్తకములలోని వడపోత కట్టడమునే పట్టుకొని వ్రేలాడక, వడపోత యన నేమి, ఆ పనిని ఇచ్చట చేయగలిగినది ఏది అని విచారించుటలోనే విశేషమున్నది.

పూనా సమీపమున ఖడక్వాస్లా జలాశయమున్నది. పూనాకును, కాలువలకును నీరు చాలకుండెను. కట్ట ఎత్తు పెంచుదమన్న పాతకట్ట ఆ బరువును భరించునో లేదో అను అనుమానము; ఖర్చు సరేసరి. 1903లో విశ్వేశ్వరయ్యగారు కట్టను ముట్టక, మత్తడిపైన తమంతట తాము తెఱచుకొని మూసికొను తలుపులను అమర్చిరి. నీరు నియమిత మట్టమునకు చేరువఱకు ఆ తలుపులు మూసియుండి సుమారు 8 అడుగుల నీటిని అదనముగ నిలుపును. వరద ఆ మట్టమును దాటగనే బరువుల తూకము మారి అవియే తెఱచుకొనును. వరద తగ్గగనే మఱల మూసికొనును. అర్ధరాత్రి వానలో తలుపులెత్తుటకు కాపలావానిని పరుగెత్తింప బనిలేదు. ఈ కల్పనకు ఆయన పేటెంటు హక్కు పొందిరి. కాని ప్రభుత్వోద్యోగిగా నుండి చేసిన పనిపై ప్రతిఫలము గ్రహించుట తగదని ఆ సొమ్మును ముట్టలేదు. ఆ తలుపుల పద్ధతి తరువాత గ్వాలియరు రాజ్యములోని తిగ్రా ఆనకట్టకును, మైసూరులోని కృష్ణరాజసాగరమునకును ఉపయోగపడినది.

కాలువనీటి విషయమునను ఆయన ఇట్లే ప్రవర్తించిరి. దక్కను కాలువల క్రింద తూము దగ్గఱనున్న రైతు చెఱకునకు నీరు మితిమీఱి పెట్టి నేలను చౌడుచేసికొనుచుండ, చివరి రైతునకు నీరందకుండెను. భూమిని ఖండములుగ విభజించి, ఒక్కొక్క ఖండములో చెఱకు, వరి, మెట్టపైరులు వంతులవారీగ మార్చుకొనుచు నీటిని పంచు పద్ధతిని ఆయన ప్రతిపాదించిరి. ఉన్న నీరు అంతే, కాలువ అదే. మారినది పంపిణీ మాత్రమే. దీనిని రైతులు మొదట సందేహించిరి. పైరు విషయమున ఇంజనీరు జోక్యము రైతునకు రుచింపదు, అది సహజమే.

ఇంతటి సమర్థునకు బొంబాయి ప్రభుత్వములో ఎదిగినకొలది దారి ఇఱుకైనది. ఆ కాలమున చీఫ్ ఇంజనీరు పీఠము ఇంగ్లీషువారి కొఱకే యని ఎల్లరు ఎఱిగియుండిరి. ఎంతటి పనిమంతుడైనను భారతీయుడు దానికి ఒక మెట్టు క్రిందనే ఆగవలెను. విశ్వేశ్వరయ్యగారు ఆ సంగతి గ్రహించి, ఏబది యేండ్లు నిండకమునుపే, 1908లో తమంతట తాము ఉద్యోగము విరమించుకొని విదేశయాత్రకు బయలుదేఱిరి. ఆయన విదేశములలో నుండగనే హైదరాబాదులో ప్రళయము వచ్చినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది నగరమును ముంచినది. శంషాబాదు కడ 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వాన కురిసినట్లు లెక్క. అఫ్జలుగంజి, ముసల్లంజంగు, చాదరుఘాటు వంతెనలు కొట్టుకొనిపోయినవి. కుతుబ్‌షాహీల కాలమున 1578లో కట్టిన పురానాపూలు మాత్రము నిలిచినది. అఫ్జలుగంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొన్న కథను హైదరాబాదువారు నేటికిని చెప్పుకొందురు. ఆ చెట్టును చూపుదురు. మొత్తముమీద సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఆనాటి జనాభాలో ఇది ఎంత పెద్ద సంఖ్యయో పాఠకులే ఊహించుకొనవచ్చును.

నాటి నిజాము మహబూబు అలీఖాను ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. 1909 ఏప్రిలులో ఆయన ప్రత్యేక సలహాదారు ఇంజనీరుగ హైదరాబాదులో పనికి పూనుకొనిరి. నగరమును తిరిగి కట్టుటకు తోడ్పడవలెను. ముందు ముందు వరద రాకుండ ఉపాయము చెప్పవలెను. మురుగునీటి కాలువల పథకమును సిద్ధపఱుపవలెను. ఆయనకు అప్పగించిన పనులివి.

ఇచ్చట కొంచెము నిలిచి చూడవలసియున్నది. వరద వచ్చినది నగరములో; చచ్చినవారు నగరములో; ఏడ్పులు వినబడినది నగరములో. కావున ఎవరి బుద్ధియైనను ముందు నగరములోని నది చుట్టే తిరుగును. ఒడ్డులకు ఎత్తైన గోడలు కట్టుడు, నదీగర్భమును లోతుచేయుడు, వంతెనలను పెంచుడు అని సలహా లిచ్చువారికి కొదువ లేదు. విశ్వేశ్వరయ్యగారు నగరమును చూచి, నగరము విడిచి పైకి నడచిరి. మూసీకిని, దాని ఉపనదియగు ఈసీకిని నీరు చేర్చు నేలయంతయు ఆయన పరిశీలనకు వచ్చినది. అచ్చట వరుసగ చెఱువులు. ఆ నేలపై 788 చెఱువులున్నట్లు లెక్క తేలినది. ఇంచుమించుగ చదరపు మైలునకు ఒకటి. వానిలో 221 చెఱువులు ఆ వానకు గండిపడినవి.

మన చెఱువుల కట్టుబాటును ఎఱిగినవారికి దీని యర్థము వెంటనే బోధపడును. కాకతీయుల నాటినుండి తెలంగాణములో చెఱువులు ఒంటరిగ లేవు, గొలుసుగ నున్నవి. పైచెఱువు మత్తడి దూకిన నీరు క్రిందిచెఱువులో చేరును, అది నిండి దానిక్రింది చెఱువులోనికి పోవును. మామూలు వానలలో ఇంతకన్న మేలైన ఏర్పాటు లేదు. ప్రతి చుక్కయు ఒక పొలమునకు పని చేసియే నదికి చేరును. కాని ఒక్క పైచెఱువు కట్ట తెగినచో దానిలో నెలల తరబడి నిలిచిన నీరంతయు ఒక్కమాఱుగ క్రిందిచెఱువుపై పడును. ఆ కట్టయు తెగును. ఆ రెండింటి నీరు మూడవదానిపై పడును. ఈ విధముగ గొలుసు పొడవునకు తెగుచు వచ్చి, వాననీటితో పాటు చెఱువుల నీరు కూడ నది నెత్తిన పడినది. ఆనాటి మూసీ ప్రవాహము సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని లెక్కకట్టిరి. నగరములోని నది ఇందులో చిన్న భాగమునైనను ఒడ్డులు దాటక తీసికొనిపోజాలదు. అంతటి నీటికి సరిపోవునట్లు గోడలు కట్టవలెనన్న నగరము నడుమ కోటగోడలు లేపవలసివచ్చును. ఆ గోడలు తెగిన రాత్రి గతి యేమి?

1909 అక్టోబరు 1వ తేదీన ఆయన నివేదిక సమర్పించిరి. నగరమునకు పైన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి, రెండు పెద్ద జలాశయములు కట్టవలెను. పైనుండి వచ్చు వరదను అవి పట్టి నిలిపి, నగరములోని నది హాయిగ మోయగలిగినంత నీటినే క్రిందికి విడువవలెను. నగరములోని ఒడ్డులను సరిచేసి గోడలు కట్టుట, నదీతీరమును జనులు విహరించు తావుగ తీర్చుట అనునవియు ఆ ప్రతిపాదనలలో నుండెను. కాని అవి తరువాతి పనులు. అసలు సూత్రమిది: కీడు కనబడినచోట గాక, కీడు పుట్టినచోట దానిని పట్టవలెను, పట్టినదానిని అణచివేయుటకు గాక, నింపాదిగ వెళ్లిపోవుటకు వీలు కల్పింపవలెను.

ఈ జలాశయములయందు మఱియొక చిక్కు కలదు. అది విశ్వేశ్వరయ్యగారి రూపకల్పనకు ప్రాణము వంటిది. త్రాగునీటి కొఱకు కట్టిన జలాశయమును వానకాలములో వీలైనంత త్వరగ నింపుకొందురు. వరద నాపుటకు కట్టిన జలాశయము వాన వచ్చునప్పటికి ఖాళీగ నుండవలెను. నిండియున్న కుండ మఱొక కుండ నీటిని పట్టదు గదా! ఒకే కట్టడము ఈ రెండు పనులు చేయవలెనన్న, ఎంతవఱకు నింపవలెను, ఆపైన ఎంత చోటు వరద కొఱకు విడువవలెను, ఏ మట్టమున తలుపులెత్తవలెను అను కట్టుబాటు రాతితో, సున్నముతో పాటు నిర్మాణములో భాగము కావలెను. ఆ చోటు ఏడాదిలో మూడువందల దినములు వ్యర్థముగ కనబడును. వట్టినేల పడియున్నదని దానిపై కన్ను వేయువారును పుట్టుకొని వత్తురు. ఏ పనియు లేనట్లు కనబడుటయే దాని పని యని నివేదికలో వ్రాయుట సులభము. జనులచేతను, పాలకులచేతను తరతరములు ఒప్పించుట కష్టము.

నివేదిక ఇచ్చిన కొలది వారములకే, 1909 నవంబరులో, విశ్వేశ్వరయ్యగారు మైసూరు చీఫ్ ఇంజనీరుగ వెడలిపోయిరి. కావున ఈ జలాశయములను ఆయనయే దగ్గఱ నుండి కట్టించెనను వాడుక సరికాదు. ఊహ ఆయనది, కట్టినవారు హైదరాబాదు రాజ్యపు ఇంజనీర్లు, వేలాది కూలీలు. గండిపేట వద్ద మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఈ పనులలో నవాబు అలీనవాజుజంగు బహద్దరుగారి చేయి పెద్దది. తరువాత నిజాంసాగరును కట్టించినవారును వారే. వారి జన్మదినమగు జూలై 11న తెలంగాణములో ఇంజనీర్ల దినము జరుపుకొనుట కొన్నియేండ్లుగ ఆచారమైనది. ఇద్దఱికిని రెండు దినములుండుట మంచిదే. ఊహించినవానిని పొగడి కట్టినవానిని మఱచుట మన దేశమున పాత రోగము.

ఉస్మాన్‌సాగరునుండి ఆసఫునగరులోని వడపోత కట్టడములకు నీరు యంత్రముల సాయము లేక పల్లమును బట్టియే ప్రవహించి వచ్చును. ఆ రెండు జలాశయములు ఏర్పడిన తరువాత నగరము మూసీవలన 1908 నాటి వంటి వినాశమును మఱల చూడలేదు.

మురుగునీటి పథకము అంత త్వరగ సాగలేదు. ధనము, తీరిక కుదరక అది వెనుకబడినది. ఆ పనికై విశ్వేశ్వరయ్యగారు తరువాతి కాలమునను హైదరాబాదునకు వచ్చి సలహాలిచ్చిరి. వాననీటికి ఒక దారి, మురుగునకు వేఱొక దారి యుండవలెననియు, మురుగును నదిలో కలుపక నగరము దిగువకు తీసికొనిపోవలెననియు వారి పద్ధతి. 1931 నాటికి సిద్ధమైన ఆ భూగర్భ మురుగు కాలువలు 54 చదరపు కిలోమీటర్ల నగరమునకు, 4 లక్షల 68 వేల జనాభాకు ఉద్దేశింపబడినవి. ఆ సంఖ్యలను చదువరులు గుర్తుంచుకొనవలెను. మఱల వానితో పనియున్నది.

మైసూరులో ఆయన చేసినది లోకమెఱిగినదే. త్వరగ చెప్పి విడుచుచున్నాము. 1911లో కావేరిపై కృష్ణరాజసాగరము పని ఆరంభమైనది. 1912 నుండి 1918 వఱకు దివానుగ నుండి మైసూరు బ్యాంకును, మైసూరు విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. భద్రావతి ఇనుప కర్మాగారము ఆయన పట్టుదల ఫలము. యంత్ర పరిశ్రమలు లేనిదే దేశమునకు గతి లేదని ఆయన నమ్మిక. ఈ విషయమున గాంధీజీతో ఆయనకు అభిప్రాయభేదముండెను, గౌరవము మాత్రము ఇరువురిలోను తగ్గలేదు. 1934లో దేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావలెనని గ్రంథము వ్రాసిరి. ప్రణాళికా సంఘము 1950లో వచ్చినది.

ఆయనయందు లోపము లేదని చెప్పుట మా యభిమతము కాదు. బ్రాహ్మణేతరులకు ప్రభుత్వోద్యోగములలో ప్రత్యేక స్థానము కల్పించుటకై మైసూరు మహారాజు 1918లో మిల్లరు సంఘమును నియమింపగా, విశ్వేశ్వరయ్యగారు ఆ మార్గమును అంగీకరింపక దివానుగిరిని విడిచిరి. యోగ్యతకే పదవి యని ఆయన వాదము. నీటి విషయమున మొదటి తూమువాడు, చివరి తూమువాడు అను భేదమును అంత సూక్ష్మముగ కనిపెట్టిన ఇంజనీరు, విద్యయను కాలువ క్రింద తరతరములుగ చివరి తూమున నున్నవారి సంగతి ఆ దృష్టితో చూడకపోవుట మనకు ఆశ్చర్యము కలిగించును.

వార్ధకమునను ఆయనకు విశ్రాంతి లేదు. తొంబదియేండ్లు దాటిన పిమ్మట గంగానదిపై మొకామా వంతెనకు స్థలమును నిర్ణయించు పనికి పోయి తీరము పరిశీలించిరి. 1955లో భారతరత్న బిరుదము లభించినది. 1960లో నూఱేండ్ల ఉత్సవము జరిగినది. 1962 ఏప్రిలులో బెంగుళూరిలో దేహము చాలించగా, పుట్టిన ముద్దేనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగినవి.

ఇక నాలా సంగతి. విశ్వేశ్వరయ్యగారి జలాశయములు నగరమునకు పైనుండి వచ్చు మూసీ, ఈసీల నీటిని ఆపును. నగరము నెత్తిననే కురిసిన వానను ఆపుట వాని వశము కాదు. ఆ పని మొదటినుండియు నగరములోని చెఱువులది, కుంటలది. 1562 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలములో హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్‌సాగరు వానిలో పెద్దది. పైనుండి వచ్చు నీటిని అది పట్టి, మిగులు నీటిని మత్తడి ద్వారా మన నాలాలోనికి విడుచును. దారిలో చిన్న చిన్న కుంటలు మఱికొంత నీటిని త్రాగెడివి. ఆ కుంటలలో పెక్కింటికి ఇప్పుడు పేర్లు మాత్రము మిగిలినవి. నల్లకుంటలో కుంట యేది? నాగమయ్యకుంటలో కుంట యేది? అడిగినచో బస్సు ఆగు స్థలమునో, ఇండ్ల వరుసనో చూపుదురు. నీరు నిలుచు పల్లము జనులకు ఇంటి స్థలమైనది గాని, నీటికి ఆ సంగతి ఎవరును తెలుపలేదు.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన పడినది. హుస్సేన్‌సాగరు నిండినది; నాలా పొంగినది; అశోకనగరము, దోమలగూడ, గాంధీనగరము వంటి పల్లపు పేటలలో ఇండ్లు మునిగినవి. 2020 అక్టోబరులో మఱల నగరము మునిగినది. 2021 తరువాత ఈ నాలాకు కాంక్రీటు రక్షణగోడలు కట్టు పని చేపట్టబడినది. గోడ కట్టుట తప్పు కాదు. విశ్వేశ్వరయ్యగారును నదికి గోడలు చెప్పియున్నారు. కాని ఆయన వరుసలో గోడ చివరిది. ముందు పైన నీరు నిలుచు చోటు, తరువాత విడుదల కట్టుబాటు, ఆ పిమ్మట దారి వెడల్పు, అటుతరువాత గోడ. మన పురపాలకులు చివరిదానితో మొదలుపెట్టిరి. అశోకనగరము వద్ద గోడ లేచిన మేరకు నీరు వేగముగ క్రిందికి పోయి, గోడ లేని చోట, వంతెన ఇఱుకైన చోట ఎగదన్నును. ఒక పేట మేలు క్రిందిపేట కీడు కాకూడదన్న హుస్సేన్‌సాగరు మత్తడి మొదలు గోల్నాక వఱకు నాలాను ఒక్క ముక్కగ కొలిచి, ఒక్క ముక్కగ రూపకల్పన చేయవలెను. పేటపేటకు వేఱు టెండరు పిలిచి ఈ పని జరుగదు.

మురుగునకు వేఱు దారి యన్న ఆయన పద్ధతియు ఈ నాలాలోనే మునిగినది. 4 లక్షల 68 వేల జనులకు ఉద్దేశించిన కాలువల నగరము కోటి దాటినది. చాలని చోట నెల్ల మురుగు వాననీటి నాలాలలోనికి మళ్లినది. వాన లేని నాడు కూడ అశోకనగరము వంతెనపై ముక్కు మూసికొని పోవలసివచ్చుటకు కారణమిదియే. వానకాలమున ఇండ్లలోనికి వచ్చునది వట్టి వాననీరు కాదు. ఒడ్డునున్న పేదల గుడిసెలను తొలగించిన సరిపోవునని వాదించువారు, ఆ నాలాలోనికి మురుగు విడుచు మేడలను, భవనములను కూడ లెక్కించి చెప్పుట న్యాయము.

ఈ మధ్య మఱొక వాదము బయలుదేఱినది. నగరమునకు ఇప్పుడు మంజీరా, కృష్ణా, గోదావరీ జలములు వచ్చుచున్నవి. గండిపేట, హిమాయత్‌సాగరుల నీటిపై నగరము ఆధారపడియుండుట లేదు. కావున వాని చుట్టునున్న గ్రామములపై కట్టుబాట్లేల యని. 1996లో వెలువడిన 111వ నెంబరు ఉత్తర్వు ఆ జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములలో పెద్ద కట్టడములను నిషేధించినది. ఆ గ్రామముల రైతులకు తమ భూమి ధర పెరుగలేదను బాధ కలదు. అది కల్ల కాదు, దానికి పరిహారమార్గము వెదకవలసినదే. కాని త్రాగునీటి లెక్కతో ఈ జలాశయములను తూచువారు వాని పుట్టుకను మఱచుచున్నారు. 1909 నాటి నివేదికలో వానికి మొదటి పని వరద నాపుట. త్రాగునీరు దాని వెంట వచ్చిన ఫలము. కృష్ణాజలము నగరమునకు వచ్చినంత మాత్రమున మూసీకి వరద రాకపోదు. పైనేల యంతయు కాంక్రీటు పఱచిన, ఇదివఱకు మెల్లగ దినమంతయు వచ్చు నీరు గంటలలో వచ్చి పడును. జలాశయములోనికి మట్టియు, మురుగును చేరి వరద కొఱకు విడిచిన చోటును తినివేయును.

ఆ కట్టుబాట్లను సడలించు ఉత్తర్వు 2022 ఏప్రిలులో వెలువడినది. అదే సంవత్సరము జూలైలో వానలు పడి రెండు జలాశయములును నిండగా, అధికారులు తలుపులెత్తి నీటిని మూసీలోనికి విడిచిరి. దిగువను మూసారాంబాగు వంతెనపై రాకపోకలను ఆపివేయవలసివచ్చినది.